కైఫీయతుల దొర పుట్టిన రేవు

స్కాట్లండ్ వాయవ్య తీరానికి అవతల, అట్లాంటిక్ అలలకు అడ్డుగా నిలిచిన దీవుల వరుస పేరు అవుటర్ హెబ్రిడీస్. వాటిలో ఉత్తరపు కొసన ఉన్నది లూయిస్ దీవి. ఆ దీవికి పెద్ద ఊరు స్టోర్నోవే. జనాభా ఏడువేలకు అటూ ఇటూ. మన లెక్కలో ఓ మోస్తరు మేజర్ పంచాయతీ. అయినా ఆ దీవులన్నిటికీ అదే పట్టణం, అదే పెద్దాసుపత్రి, అదే సంత. 1754లో ఈ ఊళ్లోనే కోలిన్ మెకంజీ పుట్టాడు. తెలుగు పల్లెల చరిత్రను కైఫీయతులుగా రాయించిన మెకంజీ దొర ఆయనే.

స్టోర్నోవే పేరు వైకింగులు పెట్టింది. నార్వే నుంచి పడవల మీద వచ్చిన ఆ సముద్ర వీరుల భాషలో దానికి అర్థం దాదాపుగా ‘చుక్కాని పట్టే అఖాతం’. పడమటి గాలి నుంచి కొండలు కాపాడే ఆ లోతైన నీటి మూల పడవలకు పుట్టిల్లు లాంటిది. 1266లో జరిగిన పెర్త్ ఒప్పందం దాకా ఈ దీవులు నార్వే రాజ్యంలోనే ఉండేవి. ఆ తరవాత స్కాట్లండ్ చేతికి వచ్చాయి. ఊళ్ల పేర్లలో నార్వే నుడి నిలిచింది, జనం నోట మాత్రం గేలిక్ భాష పాతుకుంది. ఇవాళ్టికీ వీధుల పేరు పలకల మీద ఇంగ్లీషు పక్కన గేలిక్ కనిపిస్తుంది.

ఊరు చూడటం రేవు నుంచే మొదలుపెట్టాలి. ప్రధాన భూభాగంలోని అల్లపూల్ నుంచి బయల్దేరే ఫెర్రీ మించ్ జలసంధిని దాటి, రెండున్నర గంటలకు పైగా ప్రయాణించి, ఊరి నడిబొడ్డునే ఆగుతుంది. దిగిన అడుగు కిందే చరిత్ర ఉంది. మెక్లౌడ్ వంశపు పెద్దలు కట్టుకున్న పాత కోట ఒకప్పుడు రేవు నీళ్లలోకి చొచ్చుకుని ఉండేది. 17వ శతాబ్దం నడుమ ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సేనలు దాన్ని కూల్చాయి. మిగిలిన రాళ్ల మీదుగా తరవాత రేవుగట్టు వేశారు. ఇప్పుడు ఆ కోట కంటికి కనిపించదు, గట్టు కిందే ఉంది.

మెక్లౌడ్ వంశపు పాలన అంతరించిన తీరు కూడా చెప్పుకోదగింది. 1598లో స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ ఈ దీవిని ‘నాగరికం’ చేయమంటూ ఫైఫ్ ప్రాంతపు పెట్టుబడిదారుల బృందానికి అప్పగించాడు. గేలిక్ మాట్లాడే జనం ఆయన కంటికి అనాగరికులు. దీవి వాళ్లు కొన్నేళ్లపాటు ఎదురు తిరిగి ఆ బృందాన్ని నిలవనీయలేదు. చివరికి 1610లో దీవి మెకంజీ వంశం చేతికి చిక్కింది. ఊళ్లో ఆ ఇంటిపేరు అంతగా విస్తరించడానికి మూలం అదే.

1746లో ఇదే రేవు మరో కథ చూసింది. బ్రిటన్ గద్దె కోసం పోరాడి కలోడెన్ యుద్ధంలో ఓడిన రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డ్ స్టువర్ట్, తలమీద 30,000 పౌండ్ల వెలతో పారిపోతూ, ఓడ కోసం స్టోర్నోవే ఎదుటి ఆర్నిష్ గట్టుకు చేరాడు. ఊరివాళ్లు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. రానిస్తే ప్రభుత్వ సేనలు ఊరిని తగలబెడతాయని భయం. అయితే అంత సొమ్ము ఆశ చూపినా పట్టి అప్పగించనూ లేదు. ఆర్నిష్ దగ్గరి ఇంట్లో ఒక మెకంజీ ఇల్లాలు ఆయనకు అన్నం పెట్టి, రాత్రి తలదాచుకోనిచ్చింది.

ఇద్దరు మెకంజీలు

ఫ్రాన్సిస్ వీధిలోని మార్టిన్స్ మెమోరియల్ చర్చి దగ్గర ఆగాలి. ఉత్తర అమెరికా ఖండాన్ని మెక్సికోకు ఉత్తరాన అడ్డంగా దాటిన మొదటి యూరోపియన్ సర్ అలెగ్జాండర్ మెకంజీ ఇల్లు ఒకప్పుడు ఉన్న చోటు అది. 1789లో ఆయన ఒక మహానది వెంట ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్లాడు. కెనడాలో ఆ నదికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. 1793 జులైలో పసిఫిక్ తీరం చేరాడు.

పేరు ఒకటే అయినా కోలిన్ మెకంజీ వేరే మనిషి, అలెగ్జాండర్ కంటే పదేళ్లు పెద్ద. తండ్రి ముర్డోక్ ఈ ఊరి మొదటి పోస్టుమాస్టర్. కోలిన్ ఇక్కడి సుంకాల కార్యాలయంలో పని చేశాడు. ఓడల సరుకు లెక్కలు రాసుకునే కుర్రాడికి గణితం మీద మోజు. లాగరిథమ్‌లు కనిపెట్టిన జాన్ నేపియర్ జీవిత చరిత్ర రాయాలని ఆ వంశం వాళ్లు తలపెట్టి, హిందువుల గణితం గురించి వివరాలు కావాలన్నారు. ఆ పని మీద ఆసక్తితో, ఈస్టిండియా కంపెనీ కొలువుతో, 1783లో మద్రాసులో దిగాడు. మదురైలో పండితులతో మాట్లాడటంతో మొదలైన ఆ కుతూహలం గణితం దగ్గర ఆగలేదు. జీవితమంతా దక్కను చరిత్రను పోగు చేయడంగా మారింది.

మెకంజీకి మన భాషలు రావు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. 1796 ప్రాంతంలో ఆయనకు ఏలూరు యువకుడు కావలి వెంకట బొర్రయ్య తోడయ్యాడు. అప్పటికి బొర్రయ్యకు ఇరవై ఏళ్లే. సంస్కృతం, తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు తెలిసిన ఆ కుర్రాడే శాసనాలు చదివే పద్ధతికీ, ఊరూరా తిరిగి కరణాల దగ్గరి కవిలె కట్టలు చూసి వివరాలు రాబట్టే పద్ధతికీ బాట వేశాడు. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, పొలిమేరలు ఎక్కడివి, ఏ రాజు కాలంలో ఏం జరిగింది... ఇవన్నీ వచ్చి చేరిన పత్రాలే కైఫీయతులు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత ఎత్తుకున్నాడు. మెకంజీ సేకరణ అని లోకం పిలిచేది నిజానికి ఈ కావలి సోదరులది కూడా. ఆ మాట ఎంత గట్టిగా చెప్పినా ఎక్కువ కాదు.

సైన్యంలో మెకంజీ ఇంజనీరు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. ఆ తరవాత దశాబ్దంపాటు మైసూరు రాజ్యాన్ని సర్వే చేశాడు. 1798లో అమరావతి వెళ్లి, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త ఊరి కోసం రాళ్లు తవ్వుతున్న దిబ్బను చూశాడు. అది బౌద్ధ స్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. 1816లో తిరిగి వెళ్లి తన బృందంతో శిల్పాలకు బొమ్మలు గీయించాడు. తరవాత పగిలీ పోయీ మాయమైన ఎన్నో రాళ్ల రూపురేఖలు ఇవాళ ఆ బొమ్మల్లోనే దొరుకుతున్నాయి.

1815లో మొత్తం భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821 మే 8న కలకత్తా సమీపంలో చనిపోయాడు. 1783లో విడిచిన స్టోర్నోవేని మళ్లీ చూడలేదు. ఆయన కూడబెట్టినదాన్ని కంపెనీ ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. 1828లో అచ్చయిన పట్టికలో 1,568 సాహిత్య రాతప్రతులు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు లెక్కకు వచ్చాయి. ఆ సేకరణ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరితే కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. పాతికేళ్లకు పైగా ఆ పని చేసిన మనిషిని, దేశీయుడైనందుకే పనికిరాడన్నారు. అది అన్యాయం. మద్రాసులో శిథిలమైపోతున్న కైఫీయతులకు తరవాత నకళ్లు తీయించినవాడు సి.పి. బ్రౌన్.

చేపల కాలం

రేవుగట్టు వెంట నడిస్తే కంచుతో పోసిన ‘హెర్రింగ్ అమ్మాయి’ బొమ్మ ఎదురవుతుంది. హెర్రింగ్ మన కవళ్లకు, పులసకు చుట్టమైన చేప. 19వ శతాబ్దంలో, 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో స్టోర్నోవే బతుకంతా దాని మీదే నడిచింది. సీజనులో రేవు నిండా తెరచాప పడవలే. ఒడ్డున చేపను కోసి, పేగులు తీసి, ఉప్పు చల్లి పీపాల్లో పేర్చేది ఆడవాళ్లు. ముగ్గురు ఒక జట్టు. ఇద్దరు కోసేవాళ్లు, ఒకరు పేర్చేవాళ్లు. కత్తి చురుకు, ఉప్పు మంట తగలకుండా వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకునేవాళ్లు. చెయ్యి తిరిగినవాళ్లు నిమిషానికి నలభై చేపల దాకా కోసేవాళ్లు. చేపల మందలు ఎటు కదిలితే వీళ్లూ అటే. షెట్లండ్ దీవుల నుంచి ఇంగ్లండ్ తూర్పు తీరంలోని యార్మత్ దాకా రైళ్లలో, పడవల్లో పోయి, నెలల తరబడి పని చేసి, పెళ్లి సామగ్రికి డబ్బు కూడబెట్టుకుని వచ్చేవాళ్లు.

ఆ పీపాలు ఎక్కువగా రష్యాకు, జర్మనీకి వెళ్లేవి. మొదటి ప్రపంచ యుద్ధం, రష్యా విప్లవం ఆ రెండు బజార్లనూ మూసేశాయి. ఊరు మళ్లీ ఆ దశకు రాలేదు.

నల్లమందు కట్టిన కోట

ఊరికి ఎదుట, నీళ్ల అవతలి గట్టున, చెట్ల నడుమ కనిపించే బురుజుల భవనం లూస్ కాసిల్. లూయిస్ దీవిలో చెట్టన్నది అరుదు. గాలి నిలవనీయదు, నేలంతా పీట్. తడి నేలలో మొక్కలు వేల ఏళ్లు కుళ్లగా పేరుకున్న నల్లమట్టి అది. ఇక్కడివాళ్లు దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తారు. అలాంటి చోట కోట చుట్టూ అడవి లేచిందంటే దాని వెనక ఎంత డబ్బు ఉందో ఊహించాలి.

ఆ డబ్బు సర్ జేమ్స్ మాథెసన్‌ది. విలియం జార్డిన్‌తో కలిసి చైనాకు నల్లమందు అమ్మిన వ్యాపారి. ఆ సరుకు భారతదేశపు పొలాల్లో పండింది. మాళవ నల్లమందు బొంబాయి రేవు నుంచి ఓడలెక్కేది. బొంబాయిలో వాళ్ల సంస్థకు జత నడిచినవాడు పార్సీ వర్తకుడు జంషెడ్జీ జీజీభాయ్. 1844లో మాథెసన్ లూయిస్ దీవి మొత్తాన్నీ కొన్నాడు. పాత ఇంటిని పడగొట్టి గ్లాస్గో వాస్తుశిల్పి చార్లెస్ విల్సన్ చేత ఈ కోట కట్టించాడు. దీవి కొన్న రెండేళ్లకే బంగాళదుంప పంటకు తెగులు పట్టి దీవిలో కరువు వచ్చింది. ఆయన ధాన్యం తెప్పించాడు, రోడ్లు వేయించాడు. ఆ తరవాత అద్దె కట్టలేని రైతు కుటుంబాలను 1851 నుంచి నాలుగైదేళ్లలో కెనడా ఓడలెక్కించాడు. దీవిలో ఆయన పేరు చెబితే ఇప్పటికీ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. రెండూ నిజమే. కోట అందాన్ని మెచ్చుకునే భారతీయ యాత్రికుడు ఆ గోడల్లో మాళవ పొలాల నల్లమందు ఉందని మరవకూడదు.

1918లో దీవి సన్‌లైట్ సబ్బు యజమాని లార్డ్ లీవర్‌హ్యూమ్ చేతికి వచ్చింది. స్టోర్నోవేని పెద్ద చేపల పరిశ్రమ కేంద్రం చేయాలని ఆయన కోరిక. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు కావలసింది ఫ్యాక్టరీ కొలువు కాదు, ఇస్తామన్న నేల. వాళ్లు కోల్, గ్రెస్ పొలాలను ఆక్రమించుకున్నారు. పథకం కుదరక 1923లో వెనుదిరుగుతూ ఆయన స్టోర్నోవే పరిధిలోని భూమిని జనానికే రాసిచ్చాడు. దాన్ని ఇప్పటికీ స్టోర్నోవే ట్రస్టు చూసుకుంటోంది. స్కాట్లండ్‌లో ఊరు తన నేలను తానే ఏలుకున్న తొలి పెద్ద ఉదాహరణ ఇది. అదే ఏడాది ఏప్రిల్‌లో మెటగామా అనే ఓడ ఇక్కడి నుంచి వందలాది పడుచువాళ్లను కెనడాకు తీసుకుపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళానికి, ఆ తరవాత కళాశాలకు నెలవైన కోట కొన్నాళ్లు మూతపడి, బాగుచేశాక 2016లో మ్యూజియంతో తిరిగి తెరుచుకుంది. అక్కడ తప్పక చూడాల్సినవి ఆరు చదరంగం బొమ్మలు. 1831లో దీవి పడమటి వైపు ఊయిగ్ ఇసుకలో 93 వస్తువుల నిధి బయటపడింది. చాలావరకు వాల్రస్ దంతంతో 12వ శతాబ్దంలో చెక్కినవి. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో తయారై ఉంటాయని పండితుల అంచనా. 82 బ్రిటిష్ మ్యూజియంవి, 11 ఎడిన్‌బరాలోని మ్యూజియంవి. స్టోర్నోవేలోని ఆరూ బ్రిటిష్ మ్యూజియం దీర్ఘకాలానికి ఇచ్చినవి. చెంపన చెయ్యి పెట్టుకుని దిగులుగా కూర్చున్న రాణి, కోపంతో డాలును కొరుకుతున్న భటుడు ఆ నిధిలోని పేరుపడ్డ బొమ్మలు. భారతదేశంలో చతురంగంగా పుట్టిన ఆట అరేబియా దాటి ఇక్కడికి చేరేసరికి ఏనుగు స్థానంలో క్రైస్తవ బిషప్ కూర్చున్నాడు. బిషప్ కనిపించే అతి పాత బొమ్మల్లో ఇవీ ఉన్నాయి. బొమ్మ అరచేతిలో ఇమిడేంత చిన్నది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డా చాలదు.

2017లో ఈ కోటలోనే కోలిన్ మెకంజీ సేకరణ మీద ప్రదర్శన పెట్టారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, బ్రిటిష్ లైబ్రరీల నుంచి ఆయన కూడబెట్టిన వస్తువులు కొన్నాళ్లపాటు ఆయన సొంత ఊరికి వచ్చాయి. మనిషి తిరిగిరాని రేవుకు ఆయన సంపాదన రెండు వందల ఏళ్లు దాటాక చేరింది.

ఒడ్డున మునిగిన ఓడ

స్టోర్నోవేలో చూడాల్సిన చోట్లలో ఒకే ఒక్కటి ఎంచుకోవాలంటే అది హోమ్ అంతరీపం. ఊరి నుంచి తూర్పు గట్టు వెంట, పచ్చిక దారిలో గంట నడక. కొసన ఒక రాతి స్తంభం, దాని ఎదుట నీళ్లలో నల్లని రాళ్లు. ఆ రాళ్లకు ‘హోమ్ మృగాలు’ అని పేరు.

1918 డిసెంబరు 31 రాత్రి, యుద్ధం ముగిసి ఏడు వారాలు దాటాక, కైల్ ఆఫ్ లొహాల్ష్ రేవు నుంచి ఐయోలేర్ అనే నౌకాదళపు పడవ సుమారు 280 మందితో బయల్దేరింది. ఎక్కువమంది లూయిస్, దాన్ని ఆనుకున్న హారిస్ కుర్రాళ్లు. నాలుగేళ్లు సముద్రాల మీద యుద్ధం చేసి, కొత్త సంవత్సరానికి ఇంటికి వస్తున్నవాళ్లు. ఇళ్లలో దీపాలు వెలిగించి, పొయ్యి మీద వంట పెట్టి ఎదురుచూస్తున్నారు. రాత్రి రెండు గంటల వేళ, రేవు దీపాలు కనిపిస్తుండగా, పడవ దారి తప్పి ఆ రాళ్లకు గుద్దుకుంది. ఒడ్డు కొన్ని గజాల దూరమే. ప్రాణరక్షక పడవలు వందమందికి, లైఫ్‌బెల్టులు ఎనభైమందికి. 201 మంది చనిపోయారు. నెస్ ఊరి జాన్ ఎఫ్. మెక్లౌడ్ తాడు పట్టుకుని ఒడ్డుకు ఈదాడు. ఆ తాడు వెంట నలభైమంది దాకా బతికి బయటపడ్డారు. డొనాల్డ్ మోరిసన్ అనే కుర్రాడు తెల్లవారే దాకా ఓడ స్తంభాన్ని పట్టుకు వేలాడి బతికాడు.

నౌకాదళం విచారణ, ఆ తరవాత స్టోర్నోవేలో బహిరంగ విచారణ జరిగాయి. అధికారులు తగిన జాగ్రత్త పాటించలేదని తేలింది. పడవ నడిపినవాళ్లు బతకలేదు కాబట్టి, దారి ఎందుకు తప్పిందన్నది తేలనే లేదు. బతికినవాళ్లు ఆ రాత్రి గురించి ఏళ్ల తరబడి నోరు విప్పలేదు. దీవిలో దాదాపు ప్రతి ఊరూ ఒక కొడుకును పోగొట్టుకుంది. వందేళ్లు నిండిన సందర్భంగా రేవులో ఆ ఓడ ఆకారం, పొడవు చూపేలా 280 కర్ర స్తంభాలు నాటి, రాత్రిళ్లు దీపాలు వెలిగేలా చేశారు. పోటు వచ్చినప్పుడు నీళ్లలో నిలబడి, పాటు వేళ ఇసుకలో తేలే ఆ స్తంభాల కంటే మంచి స్మారకం ఆ ఊరికి మరొకటి ఉండదు.

కొండ మీది యుద్ధ స్మారక బురుజు 1924 నాటిది. దీవిలోని నాలుగు పేరిష్‌ల (చర్చి పరిధుల) నుంచీ కనిపించాలని ఆ చోటు ఎంచారు. మొదటి యుద్ధంలో పోయిన వెయ్యిమందికి పైగా పేర్లు దాని మీద ఉన్నాయి. ఇంత చిన్న దీవికి అది మోయలేని లెక్క.

రేవు దాటాక

మిగిలినవి ఒక్కరోజులో చుట్టేయవచ్చు. ఆర్నిష్ మీద 1853 నాటి దీపస్తంభం ఉంది. ఆ ఎదుటి రాళ్ల మీద నిలిపిన చిన్న బురుజులో దీపం పెట్టకుండా, ఒడ్డున వెలిగే దీపం కాంతినే అద్దాల పట్టకంతో తిప్పి పంపి, అక్కడే దీపం వెలుగుతున్నట్టు నావికులకు చూపేవాళ్లు. థామస్ స్టీవెన్సన్ అనే ఇంజనీరు తెలివి అది. ఊరికి తూర్పున ఐనిష్ దగ్గరి ఊయి చర్చి శిథిలాల్లో మెక్లౌడ్ పెద్దల సమాధులున్నాయి, సముద్రం ఆ గట్టును కోసేస్తోంది. పడమటికి 25 కిలోమీటర్లు వెళ్తే కాలనిష్ నిలువురాళ్లు. సుమారు అయిదు వేల ఏళ్ల నాటివి. వాటి మొదళ్లను కప్పిన పీట్‌ను 1857లో మాథెసన్ తీయించాడు. ఇక్కడి నేత సంగతీ చెప్పాలి. హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్టను ఈ దీవుల్లో, నేతగాళ్ల ఇళ్లలోనే నేయాలని 1993 నాటి చట్టం. చేనేత మీద బతికే ఊళ్లు మనకూ ఉన్నాయి కాబట్టి ఆ చట్టం తెలుసుకోదగింది.

జూన్, జులై నెలల్లో ఇక్కడ రాత్రి పదిన్నరకూ వెలుతురు ఉంటుంది. అదే మంచి అదను. ఆదివారం మాత్రం చాలా దుకాణాలు మూసే ఉంటాయి. ఈ దీవి క్రైస్తవులకు ఆ రోజు నిష్ఠ. ఆదివారం ఫెర్రీ 2009 దాకా తిరగలేదు. చర్చిలో ఒకరు గేలిక్ కీర్తన ఎత్తుకుంటే తక్కినవాళ్లు ఎవరి గొంతులో వాళ్లు అందుకుంటారు. మౌనంగా వెనక కూర్చుని వినవచ్చు.

మెకంజీ కైఫీయతుల్లో చాలా భాగం చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. కడప, గుంటూరు జిల్లాలవి తెలుగులో అచ్చయ్యాయి. స్టోర్నోవే ప్రయాణం పడినా పడకపోయినా, ముందు మీ ఊరి కైఫీయతు ఉందేమో వెతికి చదవండి.